ఇరాక్ ఆక్రమణ కాలపు బహిరంగ చర్చ: చమురు, సమ్మెలు, విదేశీ సైన్యం (2003–2011)

2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ నాయకత్వంలోని సైన్యాలు ఇరాక్‌పై దండెత్తాయి. 2011 డిసెంబరు 18న చివరి అమెరికా సైనిక వాహన శ్రేణి సరిహద్దు దాటి కువైట్‌లోకి వెళ్లింది. ఈ మధ్యకాలంలో ఇరాక్ ప్రజాజీవితాన్ని మూడు ప్రశ్నలు కలిసికట్టుగా నడిపించాయి. దేశంలోని చమురు ఎవరిది, దాన్ని ఎవరు తీయాలి, రాబడి ఎవరి చేతిలో ఉండాలి అన్నది మొదటిది. చమురు క్షేత్రాల్లో పనిచేసేవారికి సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె చేసే హక్కు ఉన్నాయా అన్నది రెండోది. విదేశీ సైన్యం ఎంతకాలం, ఏ అధికారంతో, ఎవరి చట్టానికి లోబడి ఉండాలన్నది మూడోది. పార్లమెంటు, పత్రికలు, మసీదులు, చమురు సంస్థల కార్యాలయాలు, వీధి ప్రదర్శనలు వేదికలుగా సాగిన ఈ చర్చకు బస్రా చమురు కార్మికుల సంఘాలు ప్రత్యేక స్వరూపమిచ్చాయి. దాని చారిత్రక మూలాలు, చట్టపరమైన పునాది, ప్రధాన వాదాలు, సమ్మెలు, ఫలితాలు ఈ వ్యాసంలోని విషయం.

1. పరిధి, నిర్వచనం

అంతర్జాతీయ న్యాయం ప్రకారం ఒక భూభాగం శత్రుసైన్యపు వాస్తవ అధికారం కిందికి వచ్చినప్పుడు అది ఆక్రమిత ప్రాంతం. 1907 నాటి హేగ్ నిబంధనలు, 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం ఆక్రమించిన దేశాల బాధ్యతలను నిర్దేశిస్తాయి. 2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1483వ తీర్మానం అమెరికా, బ్రిటన్‌లను ఇరాక్‌లో ఆక్రమణ శక్తులుగా గుర్తించింది. 2004 జూన్ 28న సంకీర్ణ తాత్కాలిక అధికార సంస్థ తన అధికారాన్ని ఇరాక్ మధ్యంతర ప్రభుత్వానికి అప్పగించడంతో ఆక్రమణ లాంఛనంగా ముగిసింది. అయితే విదేశీ సైన్యం మరో ఏడేళ్లకు పైగా దేశంలోనే ఉండటంతో ఆక్రమణ నిజంగా ముగిసిందా అన్నదే చర్చలో భాగమైంది. అందువల్ల ఈ వ్యాసం 2011 వరకు గల కాలాన్ని ఒకే ఘట్టంగా పరిశీలిస్తుంది.

2. చారిత్రక నేపథ్యం

2.1 రాయితీల యుగం

మొదటి ప్రపంచయుద్ధంలో ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి చేజిక్కిన భూభాగంలో బ్రిటన్ తన ఆధిపత్యం కింద ఇరాక్ రాజ్యాన్ని ఏర్పాటు చేసింది. 1925లో టర్కిష్ పెట్రోలియం కంపెనీకి విస్తారమైన చమురు రాయితీ దక్కింది. 1927 అక్టోబరులో కిర్కుక్ సమీపంలోని బాబా గుర్గుర్ వద్ద భారీ నిక్షేపం బయటపడింది. 1929లో ఈ కంపెనీ ఇరాక్ పెట్రోలియం కంపెనీగా పేరు మార్చుకుంది. బ్రిటిష్, ఫ్రెంచి, డచ్, అమెరికా సంస్థలు తలా 23.75 శాతం, కాలుస్ట్ గుల్బెంకియన్ 5 శాతం వాటాలు కలిగి ఉండేవారు. ఇరాక్ రాజ్యానికి అందులో వాటా లేదు. తీసిన చమురుపై రాయల్టీ మాత్రమే దక్కేది. 1932లో స్వాతంత్ర్యం వచ్చినా, 1930 నాటి ఒప్పందం ప్రకారం హబ్బానియా, షైబా వైమానిక స్థావరాలు బ్రిటన్ చేతిలోనే ఉండిపోయాయి. చమురు రాయితీ, విదేశీ సైనిక స్థావరం ఒకే ఏర్పాటుకు రెండు పార్శ్వాలన్న భావన ఇరాక్ రాజకీయాల్లో ఆనాడే పాతుకుంది.

2.2 తొలి సమ్మెలు

1946 జూలైలో కిర్కుక్ చమురు కార్మికులు వేతనాలు, నివాసం, సంఘం పెట్టుకునే హక్కు కోసం సమ్మె చేశారు. గావూర్‌బాగీ తోటలో సమావేశమైనవారిపై పోలీసులు కాల్పులు జరపగా కార్మికులు మరణించారు. 1948 జనవరిలో బ్రిటన్‌తో కుదిరిన పోర్ట్స్‌మత్ ఒప్పందం సైనిక బంధాన్ని పొడిగించేదిగా ఉండటంతో బాగ్దాద్‌లో ‘వస్బా’ పేరుతో ప్రజాగ్రహం పెల్లుబికింది. ప్రధాని సాలిహ్ జబ్ర్ రాజీనామా చేశారు, ఒప్పందం రద్దయింది. అదే ఏడాది వసంతంలో హదీసా సమీపాన ఉన్న కే-3 పంపింగ్ కేంద్రంలో వేలాది కార్మికులు సమ్మెకు దిగారు. తిండి, నీళ్ల సరఫరా నిలిపివేయడంతో బాగ్దాద్‌కు కాలినడకన బయలుదేరారు; ఫల్లూజా వద్ద పోలీసులు వారిని అరెస్టు చేశారు. ఈ ఘటనలు తరువాతి తరాల కార్మికోద్యమ స్మృతిలో నిలిచాయి.

2.3 జాతీయీకరణ

1958 జూలై 14 విప్లవం రాచరికాన్ని కూలదోసింది. 1960 సెప్టెంబరులో చమురు ఎగుమతి దేశాల సంస్థ (ఒపెక్) బాగ్దాద్‌లోనే పుట్టింది. 1961లో వచ్చిన 80వ నంబరు చట్టం విదేశీ కంపెనీల రాయితీ ప్రాంతంలో 99.5 శాతాన్ని వెనక్కి తీసుకుంది. 1964లో ఇరాక్ జాతీయ చమురు సంస్థ ఏర్పడింది. 1972 జూన్ 1న ఇరాక్ పెట్రోలియం కంపెనీని జాతీయం చేశారు; 1975 నాటికి బస్రా ప్రాంతంలోని కంపెనీ కూడా పూర్తిగా రాజ్యపరమైంది. రాజకీయ విభేదాలకు అతీతంగా ఇరాకీయులు తమ విజయంగా చెప్పుకునే ఘట్టమిది. 2003 తరువాతి చర్చలో 1972 పదేపదే ప్రస్తావనకు రావడానికి ఇదే కారణం.

2.4 సంఘాలపై నిషేధం

1987లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం 150వ నంబరు చట్టం ద్వారా ప్రభుత్వరంగ కార్మికులను ఉద్యోగులుగా పునర్నిర్వచించింది. ఉద్యోగులకు సంఘం పెట్టుకునే హక్కు లేదు గనుక చమురు, విద్యుత్తు, రేవుల వంటి రంగాల కార్మికులంతా ఒక్కసారిగా చట్టపరమైన సంఘాలకు దూరమయ్యారు. కువైట్ దురాక్రమణ కారణంగా 1990 నుంచి అమలైన అంతర్జాతీయ ఆంక్షలు చమురు పరిశ్రమను విడిభాగాలకు కూడా కరవుపడేలా చేశాయి. ఆ ఏళ్లలో పాత యంత్రాలను సొంత నైపుణ్యంతో నడుపుకొచ్చిన ఇంజినీర్లు, కార్మికులే 2003 తరువాత చర్చలో బలమైన పక్షంగా నిలిచారు.

3. ఆక్రమణ పాలన, చమురు రాబడి

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పతనమైంది. నగరంలో లూటీలు సాగి జాతీయ మ్యూజియం కొల్లగొట్టబడిన రోజుల్లో చమురు మంత్రిత్వశాఖ భవనానికి అమెరికా సైనికులు కాపలా కాశారు. యుద్ధ లక్ష్యం చమురేనన్న వాదనకు ఇరాకీయులు మొదట చూపే ఉదాహరణ ఇదే.

1483వ తీర్మానం ఆంక్షలను ఎత్తివేసి, చమురు అమ్మకాల రాబడిని ఇరాక్ అభివృద్ధి నిధిలో జమచేయాలని, 5 శాతాన్ని కువైట్ యుద్ధ నష్టపరిహారానికి కేటాయించాలని నిర్దేశించింది. నిధి వ్యయాన్ని నిర్ణయించే అధికారం పాల్ బ్రెమర్ నాయకత్వంలోని సంకీర్ణ తాత్కాలిక అధికార సంస్థకు దక్కింది. 2005 జనవరిలో అమెరికా ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ స్టూవర్ట్ బోవెన్ ఇచ్చిన నివేదిక దాదాపు 880 కోట్ల డాలర్ల ఖర్చుకు సరైన లెక్కల పర్యవేక్షణ లేదని తేల్చింది. ఎగుమతి కేంద్రాల్లో చమురును కొలిచే మీటర్లు సరిగా లేకపోవడాన్ని ఈ నిధిని పరిశీలించే అంతర్జాతీయ సలహా, పర్యవేక్షణ మండలి కూడా ఎత్తిచూపింది.

2003 సెప్టెంబరులో సంకీర్ణ తాత్కాలిక అధికార సంస్థ జారీచేసిన 39వ ఉత్తర్వు అనేక రంగాల్లో విదేశీ సంస్థలకు నూరు శాతం యాజమాన్యాన్ని అనుమతించింది. సహజ వనరుల వెలికితీతను మాత్రం మినహాయించింది. ఆక్రమణ శక్తి ఇలాంటి మౌలిక ఆర్థిక మార్పులు చేయవచ్చా అన్నది న్యాయ వివాదమైంది. అమలులో ఉన్న చట్టాలను, తప్పనిసరి ఆటంకం లేనంతవరకు, గౌరవించాలని హేగ్ నిబంధనల 43వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ స్థిరాస్తులను ఆక్రమణ శక్తి సంరక్షకుడిగా, అనుభోక్తగా మాత్రమే నిర్వహించాలని 55వ అధికరణం నిర్దేశిస్తుంది. భద్రతా మండలి తదుపరి అనుమతి లేకుండా మౌలిక ఆర్థిక సంస్కరణలు విధించడం చట్టసమ్మతం కాదని బ్రిటన్ అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ 2003 మార్చి చివర తన ప్రభుత్వానికి సలహా ఇచ్చారు. 1483వ తీర్మానం ఆ అనుమతి ఇచ్చిందా లేదా అన్నదానిపై న్యాయవేత్తల్లో ఏకాభిప్రాయం కుదరలేదు.

4. చర్చా వేదికలు

సద్దాం పతనం తరువాత వందకు పైగా కొత్త పత్రికలు వెలువడ్డాయి. ఉపగ్రహ టెలివిజన్ డిష్‌లు ఇళ్ల మీద వెలిశాయి. ఈ స్వేచ్ఛకు హద్దులూ ఉండేవి. 2004 మార్చిలో షియా మతనేత ముక్తదా అల్ సదర్ అనుచరుల ‘అల్ హౌజా’ పత్రికను ఆక్రమణ పాలన మూయించింది. ఏప్రిల్ నాటి సదర్ వర్గం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో అదొకటి. అదే ఏడాది ఆగస్టులో ఇరాక్ మధ్యంతర ప్రభుత్వం అల్ జజీరా బాగ్దాద్ కార్యాలయాన్ని మూసివేసింది.

శుక్రవారం ప్రార్థనల ఉపన్యాసాలు మరో ముఖ్య వేదిక. 2003 జూన్‌లో గ్రాండ్ ఆయతుల్లా అలీ అల్ సిస్తానీ, రాజ్యాంగాన్ని ప్రజలెన్నుకున్నవారే రాయాలని ఫత్వా ఇచ్చారు. ఆక్రమణ పాలకులు తమ ప్రణాళికను మార్చుకోవలసి వచ్చింది. చమురు నిపుణుల సమావేశాలు భద్రతా కారణాలవల్ల తరచు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జరిగేవి. కార్మిక సంఘాలు మాత్రం చమురు సంస్థల ఆవరణల్లోనే సభలు పెట్టేవి.

5. చమురు ఒప్పందాల రకాలు

చర్చ చాలావరకు ఒప్పంద రూపం చుట్టూ తిరిగింది. ప్రధానంగా మూడు రకాలు ప్రస్తావనకు వచ్చాయి.

రాయితీ: కంపెనీకి నిర్ణీత ప్రాంతంలో దీర్ఘకాలం చమురు తీసి అమ్ముకునే హక్కు లభిస్తుంది, ప్రభుత్వానికి రాయల్టీ, పన్ను దక్కుతాయి. 1925 నాటి ఒప్పందం ఈ కోవలోది.

ఉత్పత్తి పంపక ఒప్పందం: చమురు యాజమాన్యం రాజ్యానిదే. పెట్టుబడి పెట్టిన కంపెనీ మొదట తన ఖర్చును చమురు రూపంలో రాబట్టుకుని, మిగిలినదాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. అన్వేషణలో నష్టభయం ఎక్కువగా ఉన్న చోట ఈ పద్ధతి వాడుకలో ఉంది.

సేవా ఒప్పందం: కంపెనీ గుత్తేదారుగా పనిచేస్తుంది. తీసిన ప్రతి బ్యారెల్‌కు నిర్ణీత రుసుము పొందుతుంది. చమురు మొత్తం రాజ్యానికే చెందుతుంది. ధరలు పెరిగితే ఆ లాభం ప్రభుత్వానిదే.

ఇరాక్‌లో నిక్షేపాలు అప్పటికే తెలిసినవి, భూఉపరితలానికి దగ్గరగా ఉన్నవి, వెలికితీత ఖర్చు తక్కువైనవి. అలాంటప్పుడు నష్టభయానికి ప్రతిఫలంగా రూపొందిన ఉత్పత్తి పంపక ఒప్పందం అవసరమేమిటని విమర్శకులు అడిగారు. యుద్ధాలు, ఆంక్షల వల్ల దెబ్బతిన్న పరిశ్రమకు వేల కోట్ల డాలర్ల పెట్టుబడి, కొత్త సాంకేతికత కావాలని, వాటిని ఆకర్షించేందుకు అనువైన షరతులుండాలని మరో పక్షం వాదించింది.

6. రాజ్యాంగం, చమురు చట్టం ముసాయిదా

2005 అక్టోబరు 15 ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొందిన రాజ్యాంగం 111వ అధికరణంలో, అన్ని ప్రాంతాల, గవర్నరేట్ల చమురు, సహజవాయువు ఇరాక్ ప్రజలందరి సొత్తని ప్రకటించింది. 112వ అధికరణం ‘ప్రస్తుత క్షేత్రాల’ నిర్వహణను ఉత్పత్తి చేసే ప్రాంతాలతో కలిసి కేంద్ర ప్రభుత్వం చేపట్టాలంది. భవిష్యత్ క్షేత్రాలపై స్పష్టత లేకపోవడంతో బాగ్దాద్‌కు, కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వానికి మధ్య వివాదం మొదలైంది.

2006లో ఇరాక్ చమురు నిపుణులు తారిఖ్ షఫీఖ్, ఫారూక్ అల్ ఖాసిం, సామిర్ గద్‌బాన్ తొలి ముసాయిదాను రూపొందించారు. ఎన్నో మార్పుల తరువాత 2007 ఫిబ్రవరి 26న మంత్రివర్గం ముసాయిదాను ఆమోదించింది. సమాఖ్య చమురు, సహజవాయు మండలి ఏర్పాటు, జాతీయ చమురు సంస్థ పునరుద్ధరణ, విదేశీ కంపెనీలతో దీర్ఘకాలిక ఒప్పందాలకు వీలు కల్పించడం అందులోని ముఖ్యాంశాలు. రాబడి పంపకానికి వేరే చట్టం ప్రతిపాదించారు. మార్పుల తరువాతి పాఠం జాతీయ సమన్వయాన్ని బలహీనపరుస్తుందని షఫీఖ్, ఖాసిం బహిరంగంగా విమర్శించారు.

అదే ఏడాది అమెరికా ప్రభుత్వం, కాంగ్రెస్ ఈ చట్టాన్ని ఇరాక్ ప్రభుత్వ ప్రగతిని కొలిచే ప్రమాణాల్లో ఒకటిగా చేర్చాయి. చమురు రాబడి న్యాయంగా పంచుకుంటే మతవర్గాల మధ్య సయోధ్య కుదురుతుందని వాషింగ్టన్ చెప్పింది. విదేశీ సైన్యం ఉన్న దేశంలో విదేశీ ప్రభుత్వమే చట్టానికి గడువు పెట్టడం, ఆ చట్టం పట్ల అనుమానాన్ని పెంచింది. వందమందికి పైగా ఇరాక్ చమురు నిపుణులు, ఆర్థికవేత్తలు, మేధావులు చట్టాన్ని తొందరపడి ఆమోదించవద్దని పార్లమెంటును కోరారు.

కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం 2007 ఆగస్టులో సొంత చమురు చట్టం చేసుకుని, ఉత్పత్తి పంపక పద్ధతిలో విదేశీ సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకుంది. దశాబ్దాల అణచివేతను అనుభవించిన కుర్దు ప్రజలకు వనరులపై ప్రాంతీయ అధికారమే భద్రత అన్నది ఆ పక్షపు వాదన. చమురు లేని పశ్చిమ ప్రాంతాల సున్నీ ప్రతినిధులు బలమైన కేంద్ర నియంత్రణ కోరారు. షియా పార్టీల్లో దక్షిణాన ప్రత్యేక ప్రాంతం కావాలన్నవారు, దాన్ని వ్యతిరేకించినవారు కూడా ఉన్నారు. చమురు చర్చ అంతర్గత సమాఖ్య వివాదం కూడా అయింది. కేంద్ర చమురు చట్టం ఆక్రమణ కాలంలో ఆమోదం పొందనే లేదు.

7. సమ్మెలు, కార్మిక సంఘాలు

7.1 సంఘాల ఏర్పాటు

2003 ఏప్రిల్‌లోనే బస్రాలోని సదరన్ ఆయిల్ కంపెనీ కార్మికులు సంఘం ఏర్పాటు చేసుకున్నారు. హసన్ జుమా అవద్ దాని నాయకుడు. ఇది ఆయిల్ ఉద్యోగుల సార్వత్రిక సంఘంగా, తరువాత ఇరాక్ చమురు సంఘాల సమాఖ్యగా పెరిగి ఇరవై వేలకు పైగా సభ్యులున్నట్టు ప్రకటించుకుంది. బస్రా విద్యుత్ కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన హాష్మేయా ముహ్సిన్ అల్ సాదావీ, ఇరాక్ కార్మికోద్యమంలో అగ్రస్థాయికి చేరిన తొలి మహిళల్లో ఒకరు.

1987 నాటి నిషేధాన్ని ఆక్రమణ పాలన రద్దు చేయలేదు. 2003 డిసెంబరులో అమెరికా సైనికులు బాగ్దాద్‌లోని ఇరాక్ కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంపై దాడిచేసి నాయకులను నిర్బంధించారు. 2005 ఆగస్టులో ఇరాక్ ప్రభుత్వం 8750వ డిక్రీ ద్వారా సంఘాల నిధులను తన అదుపులోకి తీసుకుంది. సాయుధ ముఠాలనుంచీ ప్రమాదం పొంచి ఉండేది. ఇరాక్ కార్మిక సంఘాల సమాఖ్య అంతర్జాతీయ కార్యదర్శి హాదీ సాలిహ్ 2005 జనవరిలో బాగ్దాద్‌లోని తన ఇంట్లో హత్యకు గురయ్యారు.

7.2 వేతనాల పోరాటం

2003 ఆగస్టులో బస్రా చమురు కార్మికులు రెండు రోజుల సమ్మెతో ఎగుమతులను నిలిపివేశారు. అమెరికా సంస్థ హాలిబర్టన్ అనుబంధ కంపెనీ కేబీఆర్‌కు మరమ్మతుల గుత్త దక్కడం, అది విదేశీ కార్మికులను తెచ్చుకోవడం, స్థానికులు నిరుద్యోగంలో ఉండటం అసంతృప్తికి ప్రధాన కారణాలు. సెప్టెంబరులో ఆక్రమణ పాలన తెచ్చిన 30వ ఉత్తర్వు ప్రభుత్వరంగంలో అట్టడుగు వేతనాన్ని నెలకు 69,000 దీనార్లుగా నిర్ణయించింది. దీనిపై సమ్మె హెచ్చరిక ఇచ్చిన సంఘం 2004 జనవరిలో చమురు రంగపు అట్టడుగు వేతనాన్ని 1,02,000 దీనార్లకు పెంచుకోగలిగింది.

2005 మేలో బస్రాలో ప్రైవేటీకరణ వ్యతిరేక సమావేశం జరిగింది. కార్మికులు వేతనాల నుంచి వనరుల యాజమాన్యానికి తమ అజెండాను విస్తరించిన సందర్భమిది. 2006 డిసెంబరులో అమ్మాన్‌లో సమావేశమైన ఐదు ఇరాక్ కార్మిక సమాఖ్యలు ఉత్పత్తి పంపక ఒప్పందాలను తిరస్కరిస్తూ, చట్ట రచనలో తమ మాట వినాలని ఉమ్మడి ప్రకటన చేశాయి.

7.3 2007 జూన్ సమ్మె

2007 జూన్ 4న బస్రాలో పైప్‌లైన్ కార్మికులు పని ఆపి దేశీయ సరఫరాకు అంతరాయం కలిగించారు. బోనస్, నివాస స్థలాలు, పని పరిస్థితులతో పాటు చమురు చట్టంపై సంప్రదింపులు కూడా వారి డిమాండ్లలో ఉన్నాయి. ప్రధాని నూరీ అల్ మాలికీ ప్రభుత్వం నాయకులపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. సైన్యం సమ్మె చేస్తున్నవారిని చుట్టుముట్టింది. కొద్ది రోజులకు చర్చలకు అంగీకారం కుదిరి సమ్మె ఆగింది. జూలైలో చమురు మంత్రి హుస్సేన్ అల్ షహ్రిస్తానీ, చట్టబద్ధత లేని సంఘాలతో వ్యవహరించవద్దని తన శాఖ సంస్థలను ఆదేశించారు.

ప్రభుత్వ పక్షాన వాదన ఇలా ఉండేది: రాజ్య రాబడిలో తొంభై శాతానికి మించి చమురు నుంచే వస్తుంది, హింస చెలరేగుతున్న సమయంలో ఎగుమతి ఆగితే జీతాలు, రేషన్, భద్రతాదళాలన్నీ నిలిచిపోతాయి. సంఘాల సమాధానం: పైప్‌లైన్లను పేల్చివేసే విధ్వంసం వేరు, ముందుగా ప్రకటించి పని ఆపే హక్కు వేరు, రాజ్యాంగం 22వ అధికరణం సంఘ స్వేచ్ఛకు హామీ ఇచ్చింది. 2004 ఏప్రిల్‌లో బస్రా సముద్ర ఎగుమతి కేంద్రాలపై ఆత్మాహుతి పడవల దాడి జరగడం, ఉత్తరాన టర్కీకి వెళ్లే పైప్‌లైన్ పదేపదే దెబ్బతినడం ఈ వాదప్రతివాదాలకు నేపథ్యం.

7.4 ఇంధనం, విద్యుత్తు

చమురు దేశంలోనే పెట్రోలు కోసం బారులు తీరడం సామాన్యుల నిత్య సమస్య అయింది. శుద్ధి కర్మాగారాలు దెబ్బతినడంతో ఇంధనాన్ని దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కువైట్ నుంచి తెచ్చిన పెట్రోలుకు కేబీఆర్ అధిక ధర వసూలు చేసిందని 2003 డిసెంబరులో పెంటగాన్ ఆడిటర్లు గుర్తించారు. 2005 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధితో కుదిరిన ఏర్పాటు కింద ఇంధన సబ్సిడీలు తగ్గించగా ధరలు ఒక్కసారిగా పెరిగి నిరసనలు రేగాయి. 2010 జూన్‌లో విద్యుత్ కోతలపై బస్రాలో జరిగిన ప్రదర్శనపై కాల్పులు జరిగాయి. విద్యుత్ మంత్రి కరీం వహీద్ రాజీనామా చేశారు. తరువాతి నెలలో విద్యుత్ కార్మిక సంఘాల కార్యాలయాలను మూసివేయాలని ప్రభుత్వం ఆదేశించింది.

8. విదేశీ సైన్యంపై చర్చ

8.1 అధికార మూలం

భద్రతా మండలి 1511, 1546 తీర్మానాలు బహుళజాతి సైన్యానికి అనుమతినిచ్చాయి. 1546వ తీర్మానం ప్రకారం సైన్యం ఇరాక్ ప్రభుత్వ అభ్యర్థన మేరకు ఉన్నట్టు లెక్క. ఈ అనుమతిని ఏటా పొడిగిస్తూ 2008 డిసెంబరు 31 వరకు కొనసాగించారు. 2007లో అమెరికా సైనికుల సంఖ్య దాదాపు 1,70,000కు చేరింది. ఆ ఏడాది మేలో 275 మంది సభ్యులున్న పార్లమెంటులో 144 మంది సైన్య ఉపసంహరణకు గడువు కోరుతూ సంతకాలు చేశారు.

8.2 ఉపసంహరణ వాదం, కొనసాగింపు వాదం

సైన్యం ఉండటమే హింసకు మూలమని, విదేశీ సైనికులుండగా చేసే చట్టాలకు నైతిక బలం ఉండదని ఉపసంహరణ కోరినవారు వాదించారు. తక్షణ ఉపసంహరణ వల్ల అంతర్యుద్ధం ముదురుతుందని, రాజ్యం కూలుతుందని మరో పక్షం హెచ్చరించింది. 2006 ఫిబ్రవరిలో సమర్రాలోని అస్కరీ మసీదు పేల్చివేత తరువాత మతవర్గ హత్యలు పెరగడంతో రెండు పక్షాలూ దాన్ని తమ వాదనకు ఆధారంగా చూపాయి.

కార్మికోద్యమంలోనూ ఏకాభిప్రాయం లేదు. బస్రా చమురు సంఘం సైన్యం వెంటనే వెళ్లాలంది. కమ్యూనిస్టు పార్టీకి సన్నిహితమైన ఇరాక్ కార్మిక సంఘాల సమాఖ్య 1546వ తీర్మానం చూపిన రాజకీయ ప్రక్రియ ద్వారా ఆక్రమణను ముగించాలంది. ఇరాక్ కార్మిక మండళ్ల, సంఘాల సమాఖ్య ఆక్రమణను, మతతత్వ సాయుధ ముఠాలను సమానంగా వ్యతిరేకించింది.

8.3 చట్టాతీత రక్షణ

ఆక్రమణ పాలన జారీచేసిన 17వ ఉత్తర్వు విదేశీ సైనికులకు, గుత్తేదార్లకు ఇరాక్ న్యాయస్థానాల నుంచి రక్షణ కల్పించింది. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు భద్రతా సంస్థ బ్లాక్‌వాటర్ కాపలాదారుల కాల్పుల్లో 17 మంది పౌరులు మరణించిన తరువాత ఈ రక్షణ తీవ్ర వివాదమైంది.

8.4 2008 ఒప్పందం

సుదీర్ఘ చర్చల తరువాత 2008 నవంబరు 17న అమెరికా, ఇరాక్ సైనిక హోదా ఒప్పందంపై సంతకాలు చేశాయి. నవంబరు 27న పార్లమెంటు ఆమోదించింది. 2009 జూన్ 30లోగా నగరాలనుంచి, 2011 డిసెంబరు 31లోగా దేశం నుంచి సైన్యం వైదొలగాలని అది నిర్దేశించింది. ఒప్పందంపై 2009లో జరపాలని నిర్ణయించిన ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. 2011లో కొంత సైన్యాన్ని కొనసాగించే చర్చలు, సైనికులకు న్యాయరక్షణ ఇచ్చే విషయంపై అంగీకారం కుదరక విఫలమయ్యాయి.

9. యుద్ధ లక్ష్యం చమురేనా?

యుద్ధానికి ముందు అమెరికా రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ చమురు ఉద్దేశాన్ని ఖండించారు. అమెరికా కేంద్రబ్యాంకు మాజీ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ 2007 నాటి స్వీయచరిత్రలో యుద్ధం చాలావరకు చమురు కోసమేనని రాశారు. ఇరాక్ తన చమురుతో తన పునర్నిర్మాణ ఖర్చు భరించగలదని అమెరికా రక్షణ ఉపమంత్రి పాల్ వోల్ఫోవిట్జ్ 2003 మార్చిలో కాంగ్రెస్‌కు చెప్పారు.

2009లో జరిగిన వేలాల ఫలితం ఈ చర్చను సంక్లిష్టం చేసింది. జూన్ 30న బాగ్దాద్‌లో టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారంతో జరిగిన తొలి వేలంలో రుమైలా క్షేత్రం ఒక్కటే కేటాయింపునకు నోచుకుంది. బీపీ, చైనా జాతీయ సంస్థ సీఎన్‌పీసీ బ్యారెల్‌కు 2 డాలర్ల రుసుముతో సేవా ఒప్పందానికి అంగీకరించాయి. డిసెంబరు వేలంలో రష్యా, మలేసియా, చైనా సంస్థలు పెద్ద క్షేత్రాల్లో భాగం పొందాయి. ఉత్పత్తి పంపక పద్ధతి లేకపోవడం, రుసుములు తక్కువగా ఉండటం దీర్ఘకాలపు బహిరంగ ఒత్తిడికి ఫలితమని ఒక విశ్లేషణ. ఇరాక్ నిక్షేపాల ఆకర్షణ వల్ల కంపెనీలే దిగివచ్చాయని మరొకటి. పార్లమెంటు ఆమోదం లేకుండా ఇరవై ఏళ్ల ఒప్పందాలు చేయడం చెల్లదన్న అభ్యంతరం సభ్యుల నుంచి, సంఘాల నుంచి, సదరన్ ఆయిల్ కంపెనీ అధికారుల నుంచీ వినిపించింది.

10. భారతదేశం, తెలుగు ప్రాంతాలతో సంబంధం

2003 ఏప్రిల్ 8న లోక్‌సభ ఇరాక్‌పై సైనిక చర్యను గర్హిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది. అమెరికా ఒక డివిజన్ సైన్యం పంపాలని కోరగా, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపబోమని కేంద్ర ప్రభుత్వం 2003 జూలై 14న నిర్ణయించింది. 2004లో భారతీయ లారీ డ్రైవర్ల అపహరణ తరువాత ఇరాక్‌కు ఉపాధి కోసం వెళ్లడంపై నిషేధం విధించి, 2010లో ఎత్తివేసింది. 2005 నాటి వోల్కర్ నివేదిక ఆంక్షల కాలపు ‘చమురుకు ఆహారం’ పథకంలో అక్రమాలను బయటపెట్టగా, అందులో పేరు వచ్చిన విదేశాంగమంత్రి నట్వర్ సింగ్ పదవి కోల్పోయారు.

తరువాతి దశాబ్దంలో ఇరాక్ భారతదేశానికి అతిపెద్ద ముడిచమురు సరఫరాదారుల్లో ఒకటైంది. విశాఖపట్నంలోని 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక భూగర్భ నిల్వ కేంద్రాన్ని 2015లో నింపడం మొదలుపెట్టినప్పుడు వాడింది బస్రా చమురే. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఉపాధికి ఇరాక్‌లోని కుర్దిస్తాన్‌కు వెళ్లిన కార్మికులు చెల్లుబాటయ్యే అనుమతులు లేక చిక్కుకుపోవడం, వారిని తిరిగి రప్పించడం 2014 తరువాత రాష్ట్రంలో ప్రజాసమస్య అయింది.

11. తదనంతర పరిణామాలు

కేంద్ర చమురు చట్టం నేటికీ ఆమోదం పొందలేదు. 2022 ఫిబ్రవరి 15న ఇరాక్ సమాఖ్య సర్వోన్నత న్యాయస్థానం కుర్దిస్తాన్ చమురు చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. 2023 మార్చిలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ తీర్పు తరువాత కిర్కుక్ నుంచి టర్కీకి చమురు ప్రవాహం ఆగిపోయి, 2025 సెప్టెంబరులో తిరిగి మొదలైంది.

2013లో సమ్మెలకు ప్రేరేపించారంటూ హసన్ జుమాపై పెట్టిన కేసు న్యాయస్థానంలో నిలవలేదు. 2015లో 37వ నంబరు కార్మిక చట్టం వచ్చింది. సంఘ స్వేచ్ఛపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒప్పందాన్ని ఇరాక్ 2018లో ధ్రువీకరించింది. అయినా ప్రభుత్వరంగ ఉద్యోగుల సంఘాల హోదా వివాదంగానే ఉంది.

ఐసిస్‌పై పోరాటం కోసం 2014లో ప్రభుత్వ ఆహ్వానం మేరకు అమెరికా సైన్యం మళ్లీ వచ్చింది. 2020 జనవరి 5న పార్లమెంటు విదేశీ సైన్యాలు వెళ్లాలని తీర్మానించింది. 2024 సెప్టెంబరులో ఐసిస్ వ్యతిరేక సంకీర్ణ సైనిక కార్యక్రమాన్ని దశలవారీగా ముగించేందుకు అమెరికా, ఇరాక్ ప్రభుత్వాలు కాలక్రమం ప్రకటించాయి.

12. ప్రాముఖ్యం

ఈ చర్చ మూడు కారణాల వల్ల అధ్యయనార్హం. మొదటిది, ఆక్రమణ శక్తికి దేశ ఆర్థిక చట్టాలను మార్చే అధికారం ఎంతవరకు ఉందన్న ప్రశ్నకు ఆధునిక కాలపు విస్తృతమైన ఉదాహరణ ఇది. రెండోది, సాయుధ ప్రతిఘటన, విదేశీ సైన్యం, మతవర్గ పార్టీల మధ్య నలుగుతున్న దేశంలో నిరాయుధ కార్మిక సంఘాలు కూడా వనరుల విధానాన్ని ప్రభావితం చేయగలవని బస్రా అనుభవం చూపింది. చట్టబద్ధ గుర్తింపు లేకుండానే అవి వేతనాలు పెంచుకున్నాయి, చమురు చట్టాన్ని దేశవ్యాప్త ప్రశ్నగా మార్చాయి. మూడోది, చట్టం నిలిచిపోయిన చోట కార్యనిర్వాహక నిర్ణయాలే విధానమయ్యాయి: ఒప్పందాలు పార్లమెంటును దాటి కుదిరాయి, కుర్దిస్తాన్ వేరే దారి పట్టింది, కార్మికుల హోదా అస్పష్టంగా ఉండిపోయింది. చమురు ప్రజలందరి సొత్తన్న 111వ అధికరణంపై పక్షాలన్నీ ఏకీభవిస్తాయి. ఆ సొత్తుపై నిర్ణయం తీసుకునే హక్కు కేంద్రానిదా, ప్రాంతాలదా, పార్లమెంటుదా, అందులో కార్మికులకు చోటెంత అన్నది మాత్రం చట్టం ద్వారా తేలవలసే ఉంది.